ఎదిగిన బిడ్డని, మంచాన పడ్డ మనిషిని చూసుకుంటూ దేవుడితో గొడవపడేవాళ్ళకి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఎవరి కోసం?

వైకల్యం ఉన్న, వయసొచ్చిన మనిషిని ఇంట్లో చూసుకుంటున్న ఎవరి కోసమైనా. పుట్టుకతోనే బుద్ధిమాంద్యమో ఆటిజమో ఉన్న కొడుకు కావచ్చు, యాక్సిడెంట్ తర్వాత నడవలేని భర్త కావచ్చు, స్ట్రోక్ వచ్చి మాట పోయిన చెల్లెలు కావచ్చు. నేను మా అన్నయ్యని చూసుకుంటాను. అమ్మానాన్నల తర్వాత ఆ బాధ్యత నాకొచ్చింది. మాలాంటి వాళ్ళం కలిసినప్పుడు మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలివి. చాలామంది ఇవి డాక్టర్‌ని అడగరు, ఎందుకంటే ఇవి మందుల గురించి కాదు. గురువునో పాస్టర్‌నో ఇమామ్‌నో కూడా అడగరు, నమ్మకం తక్కువని అనుకుంటారేమోనని భయం. అందుకే ఇక్కడ తిన్నగా మాట్లాడుకుందాం.

"నాకే ఎందుకు ఇచ్చావు?" అని దేవుణ్ణి అడగడం పాపమా?

కాదు. ఈ ప్రశ్న అడిగినవాళ్ళు గ్రంథాల నిండా ఉన్నారు. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు, పుట్టిన రోజునే శపించుకున్నాడు. అతన్ని ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులూ నోరెత్తకుండా పక్కన కూర్చున్నారు, అదొక్కటే వాళ్ళు సరిగ్గా చేసిన పని. ఆ తర్వాత నోరు విప్పి, నువ్వేదో తప్పు చేసుంటావు అందుకే ఇదంతా అని మొదలుపెట్టారు. చివర్లో దేవుడు తప్పుపట్టింది యోబుని కాదు, ఆ స్నేహితుల్ని. 88వ కీర్తన చదవండి, అందులో ఒక్క ఓదార్పు మాట కూడా లేకుండా చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా దాన్ని ప్రార్థనల్లోనే ఉంచారు. భగవద్గీత మొదలయ్యేది అర్జునుడు విల్లు పక్కన పడేసి, చేతులు వణుకుతుంటే, నావల్ల కాదని కూలబడిపోవడంతో. ఆ అధ్యాయం పేరే అర్జున విషాద యోగం. ఆ విషాదం లేకపోతే తర్వాత పదిహేడు అధ్యాయాల సంభాషణా లేదు.

కోపం వచ్చిందంటే ఆ బంధం ఇంకా తెగలేదని నా నమ్మకం. ఏ సంబంధమూ లేనివాళ్ళ మీద మనం ఇంతగా అలగం. కాబట్టి అరవాలనిపిస్తే అరవండి, తిట్టాలనిపిస్తే తిట్టండి. స్నానాల గదిలో నీళ్ళు వదిలి ఏడ్చేవాళ్ళు నాకు చాలామంది తెలుసు, అదీ ప్రార్థనేనని వాళ్ళతో చెబుతుంటాను.

ఇది పూర్వజన్మ పాపమనీ, మా అమ్మానాన్నల కర్మ అనీ అంటారు. నిజమేనా?

ఈ మాట చేసే హాని ఇంతా అంతా కాదు. చూసుకునే తల్లిని దోషిగా నిలబెడుతుంది, ఆ బిడ్డని శిక్షగా మార్చేస్తుంది. ఎదురుగా కూర్చున్న ముప్పై ఏళ్ళ మనిషి తను ఎవరి పాపమో వింటూ ఉంటాడు, వాళ్ళకి అర్థం కాదనుకోవడం మన భ్రమ.

కారణాలు చాలావరకు శరీరానికి సంబంధించినవి. పుట్టేటప్పుడు మెదడుకి ఆక్సిజన్ అందకపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, మెదడువాపు, తలకి దెబ్బ, రక్తనాళం మూసుకుపోవడం. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో 21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువ ఉంటుందని 1959లోనే తేలింది. ఎక్కువ కేసుల్లో అది కణం విభజన జరిగేటప్పుడు యాదృచ్ఛికంగా జరిగేదే, తల్లి తిన్నదాని వల్లో చూసినదాని వల్లో కాదు. కొన్నింటికి కారణం ఎప్పటికీ దొరకదు, అదీ నిజమే.

కర్మని నమ్మేవాళ్ళు కూడా ఒకటి గమనించాలి. కర్మ గతి గహనమైనది అని గీత నాలుగో అధ్యాయం చెబుతుంది, అంటే లోతు అందదని. అంత అందనిదాన్ని పక్కింటివాళ్ళు చూడ్డానికి వచ్చిన అయిదు నిమిషాల్లో ఎలా తేల్చేస్తారు? యోహాను సువార్తలో శిష్యులు ఒక పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారు, వీడా వీడి తల్లిదండ్రులా అని యేసుని అడుగుతారు. ఇద్దరూ కాదనే ఆయన జవాబు. ఎవరైనా మళ్ళీ ఈ మాటెత్తితే ఒకే వాక్యం చాలు: "ఆ మాట మా ఇంట్లో అనకండి." వివరణ ఇవ్వాల్సిన పని లేదు.

"మోయగలిగిన వాళ్ళకే దేవుడు బరువు ఇస్తాడు" అని అందరూ అంటారు. నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. నాలో లోపమా?

లోపం కాదు. ఆ మాట అన్నవాళ్ళు ఓదార్చామనుకుని వెళ్ళిపోతారు, బరువు మాత్రం అక్కడే ఉంటుంది. పైగా మోయలేకపోతే అది మీ నమ్మకం లోపమన్నట్టు తయారవుతుంది.

బైబిల్లో ఇశ్రాయేలు జనాన్ని ఈజిప్టు నుంచి నడిపించిన మోషే కథ చూడండి. ఈ జనాన్నంతా నేనొక్కణ్ణే మోయలేను, ఇది నాకు చాలా బరువు, ఇలాగైతే నన్ను చంపేయి అని ఆయన దేవుడితోనే అంటాడు. నువ్వు మోయగలవు కాబట్టే ఇచ్చాను అన్న జవాబు రాలేదు. డెబ్బై మంది పెద్దల్ని పోగుచెయ్యి, వాళ్ళు నీతో పాటు మోస్తారు అన్న జవాబు వచ్చింది. ఎవరి మీదా శక్తికి మించిన భారం వెయ్యడని ఖురాన్ రెండో సూరా చివర్లో ఉంది, దాన్ని అందరూ చెబుతారు. అదే వాక్యంలో, మేం మోయలేని దాన్ని మా మీద వెయ్యకు అని వేడుకోమని కూడా ఉంది, దాన్ని ఎవరూ గుర్తుచెయ్యరు. అంటే మోయలేనిది అంటూ ఒకటి ఉందని గ్రంథమే ఒప్పుకుంటోంది.

నేను చెప్పదలచుకున్నదంతా నిజానికి ఇదే. ఈ పని ఒక్క మనిషి చెయ్యగలిగేది కాదు. ఒంటరిగా చెయ్యడాన్ని భక్తి అని మెచ్చుకోవడం మానెయ్యాలి. "నువ్వు దేవతవమ్మా" అనేవాళ్ళని, దేవతకి కూడా ఆదివారం నాలుగు గంటలు నిద్ర కావాలి, వచ్చి కూర్చుంటారా అని అడగండి.

నాకు విపరీతమైన కోపం వస్తోంది. అరుస్తాను, తర్వాత గిల్ట్‌తో నిద్ర పట్టదు. ఏం చెయ్యాలి?

ముందు నిద్ర సంగతి చూడండి. రాత్రికి మూడు నాలుగు సార్లు లేచే మనిషికి ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? అది స్వభావం సమస్య కాదు, శరీరం సమస్య. వారంలో ఒకటి రెండు రాత్రులైనా ఇంకొకరు డ్యూటీ తీసుకునేలా చూసుకోవడం ఏ మోటివేషన్ ప్రసంగం కంటే ఎక్కువ పనిచేస్తుంది.

రెండోది, మీకు కోపం తెప్పించే పనులు ఆ మనిషి ఎందుకు చేస్తున్నాడో వెతకండి. మాట రానివాళ్ళు ఉన్నట్టుండి కొట్టడం, తల గోడకేసి బాదుకోవడం, తిండి తోసెయ్యడం మొదలుపెడితే అది మొండితనం అనుకునే ముందు నొప్పి ఉందేమో చూడాలి. పంటి నొప్పి, మలబద్ధకం, చెవి ఇన్ఫెక్షన్, యూరిన్ ఇన్ఫెక్షన్, ఎసిడిటీ, ఆడవాళ్ళకైతే నెలసరి నొప్పి. కొత్తగా మార్చిన మందు కూడా కారణం కావచ్చు. మా అన్నయ్య వారాల తరబడి ఎవర్నీ దగ్గరికి రానివ్వకపోతే, చివరికి చూస్తే దవడ పన్ను పుచ్చిపోయి ఉంది. పన్ను తీయించాక మళ్ళీ మామూలు మనిషయ్యాడు.

కోపం పైకి వస్తోందని తెలియగానే, తను పడిపోకుండా భద్రంగా ఉన్నాడని చూసుకుని ఆ గది నుంచి బయటికి వచ్చెయ్యండి. అన్నం ఇంకో పది నిమిషాలు ఆగినా, బట్టలు ఇంకో పది నిమిషాలు తడిగా ఉన్నా ఫరవాలేదు. అరిచాక మాత్రం సారీ చెప్పండి, తనకి అర్థం కాదనుకున్నా సరే. చెయ్యి లేచే దాకా వస్తే, లేక ఇప్పటికే లేచి ఉంటే, అది దాచే విషయం కాదు. వెంటనే ఇంకో మనిషిని ఇంట్లోకి తెచ్చుకోవాలి, డాక్టర్‌తోనో కౌన్సెలర్‌తోనో ఉన్నదున్నట్టు చెప్పాలి.

ఒక్కోసారి తను చనిపోతే బాగుండు అనిపిస్తుంది. నేను రాక్షసినా?

మాలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వచ్చే ఉంటుంది, పైకి చెప్పేవాళ్ళే తక్కువ. చాలాసార్లు దాని అర్థం మనిషి పోవాలని కాదు, ఈ బాధ ఇక్కడితో ఆగాలని. తను పడే నరకం చూడలేక కూడా ఆ ఆలోచన వస్తుంది. వచ్చి పోయే ఆలోచనకి ప్రాయశ్చిత్తం అక్కర్లేదు.

కానీ ఆ ఆలోచన వచ్చి పోకుండా పాతుకుపోతే, ఎలా అన్న దాకా వెళితే, "నేను లేకపోతే వీడికెవరూ లేరు కాబట్టి ఇద్దరం కలిసి పోదాం" అన్నట్టు తయారైతే, అది ఎమర్జెన్సీ. గుండెనొప్పి వస్తే ఏం చేస్తారో అదే చెయ్యాలి. ఇప్పుడే ఒక మనిషికి ఫోన్ చేసి ఈ మాట యథాతథంగా చెప్పండి, ఇంట్లో ఉన్న మందులు వాళ్ళ చేతికివ్వండి, ఒంటరిగా ఉండకండి, దగ్గర్లోని ఆసుపత్రికో ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కో చేరండి. ప్రార్థన ఆ దారిలో చేసుకోవచ్చు. చనిపోవడం ఇద్దరికీ విముక్తి అన్న ఆలోచనని కొందరు త్యాగం అనుకుంటారు. మీ పక్కనున్న మనిషి తను బతకాలో వద్దో మిమ్మల్ని నిర్ణయించమని అడగలేదు.

బతికున్న మనిషి కోసం ఇంత ఏడుపేంటి అంటారు. నాకు మాత్రం ఆ దుఃఖం తీరదు.

దీనికి పేరుంది. 1962లో సైమన్ ఓల్షాన్‌స్కీ అనే ఆయన బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లిదండ్రుల్ని చూసి, వీళ్ళ దుఃఖం ఎప్పటికీ ఉండేది, అది జబ్బు కాదు, సహజం అని రాశాడు. దానికి "క్రానిక్ సారో", అంటే తీరని దుఃఖం, అని పేరు పెట్టాడు. అంతకుముందు "ఇంకా ఒప్పుకోలేకపోతున్నారు" అని తల్లిదండ్రుల్నే తప్పుపట్టేవాళ్ళు. తర్వాత పాలీన్ బాస్ అనే అమెరికన్ ఫ్యామిలీ థెరపిస్టు ఇంకోటి చెప్పింది. మనిషి కళ్ళ ముందే ఉంటాడు, మనకి తెలిసిన ఆ మనిషి మాత్రం ఉండడు. తలకి దెబ్బ తగిలిన భర్త, జ్ఞాపకం పోయిన తల్లి ఇలా. ఈ నష్టానికి కర్మకాండ లేదు, పలకరింపులు లేవు, పూర్తయింది అనే రోజు లేదు. అందుకే ఇది అంత నలిపేస్తుంది.

ఇది ఒకసారి ఏడిస్తే పోయేది కాదు, మళ్ళీ మళ్ళీ లేస్తుంది. తన ఈడువాళ్ళ పెళ్ళిళ్ళప్పుడు, ఉద్యోగాలప్పుడు, తమ్ముడికి పిల్లలు పుట్టినప్పుడు. ఆ రోజులు ముందే తెలుసు కదా, కాబట్టి ఆ వారం ఇంకే పెద్ద పనీ పెట్టుకోకండి. శుభకార్యానికి వెళ్ళి గంటలో తిరిగి వచ్చేసినా ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఈ దుఃఖం ఉన్నంత మాత్రాన ఆ మనిషి మీద ప్రేమ లేనట్టు కాదు. మా అన్నయ్య నవ్వుతుంటే నేను పడే సంతోషం, అతను ఇలా కాకపోయి ఉంటే అన్న బాధ, రెండూ ఒకే పూటలో ఉంటాయి.

నాది ఉత్త అలసటా, డిప్రెషనా? ఎలా తెలుస్తుంది?

అలసట అయితే మంచి నిద్ర, రెండు రోజుల విరామం దొరికితే కాస్త తగ్గుతుంది. రెండు వారాలకి పైగా దాదాపు రోజూ మనసు కుంగిపోయి ఉండటం, ఇష్టమైనవి కూడా రుచించకపోవడం, నిద్రా ఆకలీ తారుమారు కావడం, నేను పనికిరాను అన్న ఆలోచన తిరుగుతూ ఉండటం, ఇవి డిప్రెషన్ లక్షణాలు. దానికి చికిత్స ఉంది, మందులు వేసుకోవడం విశ్వాసం తక్కువై కాదు. చూసుకునేవాళ్ళ భారాన్ని కొలవడానికి జారిట్ అనే ఆయన బృందం 1980లో ఒక ప్రశ్నావళి తయారుచేసింది. ఇప్పుడు ఎక్కువగా వాడేదాంట్లో 22 ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 4. డాక్టర్‌ని అది చేయించమని అడగొచ్చు. నోటితో చెప్పలేనివాళ్ళకి కాగితం మీద అంకె వెయ్యడం తేలిక.

బైబిల్లోని ఏలీయా కథ నాకు ఇక్కడే గుర్తొస్తుంది. ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని చెట్టు కింద పడుకున్న ప్రవక్తకి దూత ప్రసంగం చెయ్యలేదు. తినమంది, నీళ్ళిచ్చింది, మళ్ళీ పడుకోనిచ్చింది, మళ్ళీ లేపి తినమంది. గీత ఆరో అధ్యాయం కూడా తిండి, నిద్ర, మెలకువ మితంగా ఉన్నవాడికే యోగం అంటుంది. నిద్ర మానేసి సేవ చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

పూజకి, చర్చికి, నమాజుకి టైమే దొరకడం లేదు. దేవుడికి దూరమైపోతున్నానా?

లేదు. నాకు సేవ చెయ్యాలనుకునేవాడు జబ్బుపడినవాడికి సేవ చెయ్యాలి అని బుద్ధుడు భిక్షువులకి చెప్పాడు, మురికిలో పడి ఉన్న ఒక రోగి భిక్షువుని తన చేతులతో కడిగాక. మీరు ఇప్పటికే ఆ పనిలో ఉన్నారు. ఒక్క వాక్యం ప్రార్థన సరిపోతుంది, బట్టలు ఉతికేటప్పుడైనా సరే. మీకు నిజంగా లోటుగా ఉన్నది ఆ గుంపులో కూర్చోవడం, నలుగురితో కలిసి పాడటం అయితే, దాన్ని భక్తి లోపం కింద వెయ్యకుండా ఒంటరితనం కింద వెయ్యండి. అప్పుడు పరిష్కారం కూడా దొరుకుతుంది: నెలకి రెండుసార్లు ఎవరైనా ఇంట్లో కూర్చుంటే మీరు వెళ్ళి రావచ్చు.

ప్రార్థనతో నయమవుతుందంటున్నారు. మొక్కుకున్నాం, స్వస్థత కూటాలకీ వెళ్ళాం, ఏమీ కాలేదు. మా నమ్మకం చాలలేదా?

నమ్మకానికి కొలత ఎవరి దగ్గరుంది? నయం కాలేదు కాబట్టి నమ్మకం తక్కువ అనేవాళ్ళ నుంచి దూరంగా జరగండి, వాళ్ళెంత పెద్ద పేరున్నవాళ్ళైనా.

ప్రార్థించండి, మొక్కుకోండి, దానికి నేను అడ్డు చెప్పను. రెండు విషయాలు మాత్రం గట్టిగా చెబుతాను. ఒకటి, ఎవరి మాట మీదా మందులు ఆపకండి. ముఖ్యంగా ఫిట్స్ మందులు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదకి వస్తుంది. డాక్టర్లు కూడా వాటిని మెల్లమెల్లగానే తగ్గిస్తారు. రెండు, తనని అడగకుండా స్టేజీ ఎక్కించకండి. వందల మంది ముందు తల మీద చేతులు పెట్టి ఊపుతుంటే బెదిరిపోయి ఏడ్చేవాళ్ళని చూశాను. నడవలేనివాడు నడవలేదని జనం నిట్టూరిస్తే ఆ అవమానం అతనిది. పెద్దమనిషి అతను. వెళ్ళాలా వద్దా అన్నది అతని ఇష్టం.

తనకి దేవుడంటే ఏం తెలుసు? తనకి భక్తి ఉంటుందా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ, కానీ నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మన విశ్వాసం, మన పరీక్ష, మన ఓర్పు అని మాట్లాడుకుంటూ ఆ మనిషిని మన కథలో ఒక పాత్ర చేసేస్తాం. తనకీ ఒక లోపలి జీవితం ఉంది. సిద్ధాంతం అర్థం కాకపోవచ్చు, దీపం వెలుగు, పాట, వరసగా జరిగే పనులు, పేరు పెట్టి పిలిచే మనుషులు, ఇవి లోపలికి వెళతాయి. మా అన్నయ్యకి ఒక భజన మధ్యలో ఆపితే ఒప్పుకోడు, మొదటి నుంచి మళ్ళీ పాడాల్సిందే. దాని అర్థం అతనికెంత తెలుసో నాకు అనవసరం.

ఎనిమిది వంకరల శరీరంతో పుట్టిన అష్టావక్రుడు జనకుడికి ఆత్మజ్ఞానం చెప్పాడంటారు. మాట తడబడే మోషేనే దేవుడు రాజు దగ్గరికి పంపాడు. చూపు లేని అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ వచ్చి మాట్లాడబోతే ప్రవక్త ముఖం చిట్లించారని ఖురాన్ 80వ సూరాలో మందలింపే వచ్చింది, తర్వాత అదే మనిషి ప్రవక్త అనుచరుడు బిలాల్‌తో పాటు అజాన్ (నమాజుకి పిలుపు) ఇచ్చేవారయ్యారు. వీళ్ళెవరూ జాలి అందుకుంటూ మూల కూర్చున్నవాళ్ళు కాదు. కాబట్టి ప్రసాదం పంచే పనో, కుర్చీలు సర్దే పనో, పాటలో గొంతు కలిపే పనో తనకీ ఇవ్వమని అడగండి. తనకి అసలు ఇష్టం లేకపోతే బలవంతంగా తీసుకెళ్ళకండి, నమ్మకపోవడం కూడా ఎదిగిన మనిషి హక్కు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 12వ అధికరణలో వైకల్యం ఉన్నవాళ్ళకి కూడా అందరితో సమానంగా చట్టం ముందు గుర్తింపు ఉందని చెప్పింది. నిర్ణయాలు తీసుకోవడంలో తోడు అవసరమైతే తోడివ్వాలి, నోరు మూయించకూడదు.

ఇంకొకటి. ఇంట్లో ఎవరైనా చనిపోతే తన దగ్గర దాచకండి. "ఊరెళ్ళారు" అంటే ఏళ్ళ తరబడి గుమ్మం వైపు చూస్తూ ఉంటారు. చనిపోయారు, ఇక రారు, మనందరికీ ఏడుపొస్తోంది అని చిన్న మాటల్లో చెప్పండి, వీలైతే చివరి చూపుకి తీసుకెళ్ళండి.

"నేను మీకు భారం" అని తను ఏడుస్తుంటే ఏం చెప్పాలి?

"అలా అనకు" అని నోరు నొక్కెయ్యకండి. పని కష్టంగా ఉన్నమాట నిజమే, నువ్వు భారం కాదు, ఆ పనికి మనుషులు సరిపోవడం లేదు అని చెప్పండి. ఆ తర్వాత తన చేతిలో ఏమున్నాయో చూడండి: ఏ బట్టలు వేసుకోవాలి, ఎవరు స్నానం చేయించాలి, ఎప్పుడు తలుపు మూసుకుని ఒంటరిగా ఉండాలి. తన ముందే తన గురించి ఇతరులతో మాట్లాడే అలవాటు మానేస్తే సగం ఏడుపు తగ్గుతుంది.

భర్తని చూసుకుంటున్నాను. భార్యని కాస్తా నర్సునైపోయాను. ఈ మాట ఎవరితో చెప్పుకోవాలి?

పెళ్ళి నాడు చేసిన ప్రమాణాలు గుర్తుచేసి నోరు మూయిస్తారని భయపడి చాలామంది చెప్పుకోరు. స్పర్శ ఉంటుంది, కానీ అదంతా తుడవడానికీ, పక్క మార్చడానికీ. పక్కనే ఉన్న మనిషి కోసం బెంగగా ఉంటుంది. కుదిరితే స్నానం, మలమూత్రాల పనుల్లో కొంతైనా జీతానికి వచ్చే మనిషికి అప్పజెప్పండి, అప్పుడు మీ ఇద్దరికీ ఊరికే పక్కన కూర్చునే వీలుంటుంది. శారీరక సంబంధం గురించి డాక్టర్‌ని అడగడానికి సిగ్గుపడకండి, వెన్నెముక గాయాల తర్వాత కూడా దానికి సలహాలు, చికిత్సలు ఉన్నాయి. ఎత్తేటప్పుడు మీ నడుము జాగ్రత్త, ఫిజియోథెరపిస్టు దగ్గర ఎత్తే పద్ధతి నేర్చుకోండి.

అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ పట్టించుకోరు. క్షమించమని మతం చెబుతుంది, నావల్ల కావడం లేదు.

క్షమ తర్వాత చూద్దాం, ముందు పని అడగండి. "ఎవరూ సాయం చెయ్యరు" అన్న మాటకి ఎవరూ కదలరు. "రెండో శనివారం పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా నువ్వు ఉండాలి, మందులెలా వెయ్యాలో కాగితం మీద రాసిపెడతాను" అంటే అవునో కాదో చెప్పక తప్పదు. దూరంగా ఉన్నవాళ్ళు డబ్బు పంపొచ్చు, అప్లికేషన్లు, ఇన్సూరెన్స్, డాక్టర్ అపాయింట్‌మెంట్లు ఫోన్లోనే చూడొచ్చు. వాళ్ళు మీలా చెయ్యరు, అన్నం ఆలస్యంగా పెడతారు, జుట్టు సరిగ్గా దువ్వరు. వదిలెయ్యండి.

ఎంత అడిగినా రానివాళ్ళు ఉంటారు. వాళ్ళని క్షమించకపోయినా వాళ్ళ కోసం ఎదురుచూడటం మానేసి స్నేహితులు, మీలాంటి కుటుంబాల వైపు తిరగండి.

హోమ్‌లో చేర్పిస్తే ద్రోహం చేసినట్టేనా?

కాదు. చాలామందికి ఎదిగాక తల్లిదండ్రుల ఇల్లు దాటి బతకాలని ఉంటుంది, తనకీ ఉండొచ్చు, అడిగి చూడండి. ద్రోహం అయ్యేది చేర్పించి మళ్ళీ వెళ్ళకపోవడం.

చోటు ఎంచుకునేటప్పుడు చెప్పకుండా, వేర్వేరు వేళల్లో వెళ్ళండి. వాసన గమనించండి. అక్కడున్నవాళ్ళతో సిబ్బంది ఎలా మాట్లాడుతున్నారో వినండి, పేర్లు పెట్టి పిలుస్తున్నారా, తలుపు తట్టి లోపలికి వస్తున్నారా. కట్టెయ్యడం, మత్తుమందుల మీద పడుకోబెట్టడం ఉందా అని నేరుగా అడగండి. ఎప్పుడైనా వచ్చి చూడొచ్చా అంటే నీళ్ళు నమిలే చోటు వద్దు. మత సంస్థ నడుపుతోంది కాబట్టి మంచిదే అయి ఉంటుందని వదిలెయ్యకండి, అక్కడా ఇవే ప్రశ్నలు.

నేను పోయాక తన గతేంటి?

ఈ టెన్షన్ లేని ఇల్లు నేను చూడలేదు. "దేవుడే చూసుకుంటాడు" అనేది ప్రార్థనగా మంచిదే, ఏర్పాటుగా చాలదు. మీరు ఆరోగ్యంగా ఉండగానే మొదలుపెట్టాల్సిన పనులివి.

ఒక నోట్‌బుక్ రాయండి. మందుల పేర్లు, మోతాదులు, ఎలర్జీలు, ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో, ఏ డాక్టర్ దగ్గర ఏ ఫైలు ఉందో. దానికంటే ముఖ్యంగా ఎవరికీ తెలియని సంగతులు: ఏ శబ్దానికి భయపడతాడు, కడుపునొప్పి వస్తే ఎలా చూపిస్తాడు, ఏ దుప్పటి లేకపోతే నిద్రపోడు, ఏ పాటకి శాంతిస్తాడు, ఏ ప్రార్థన అడుగుతాడు. తినిపించే పద్ధతి, పక్క మార్చే పద్ధతి ఫోన్లో వీడియో తియ్యండి.

డబ్బు విషయం, సంరక్షకుడి నియామకం విషయం ఇలాంటి కేసులు చూసిన లాయర్‌తో మాట్లాడండి. ఆస్తి ఒకరి పేరున, చూసుకునే బాధ్యత ఇంకొకరి మీద పెట్టేముందు ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి అడగండి, వీలునామాలో చూసి తెలుసుకునేలా చెయ్యకండి. తను వినగలిగినంత వరకు తననీ ఆ మాటల్లో కూర్చోబెట్టండి.

మీరు లేని రాత్రులు ఇప్పుడే అలవాటు చెయ్యండి. మొదట ఒక రాత్రి, తర్వాత రెండు. మీరు పోయిన రోజునే తను మొదటిసారి కొత్త మంచం మీద పడుకోవాల్సి రావడం, అదీ తల్లినో తండ్రినో పోగొట్టుకున్న బాధలో, చాలా క్రూరమైన విషయం. మా అమ్మ ఈ అలవాటు ముందే చేసింది, అందుకే అన్నయ్య మా ఇంట్లో తొందరగా కుదురుకున్నాడు.

నాకు నమ్మకమే పోయింది. అయినా చూసుకుంటున్నాను. దీన్నేమంటారు?

ఏమీ అనక్కర్లేదు. నమ్మకం లేకుండా చూసుకునేవాళ్ళ చేతుల్లో ఆ మనిషికి అందే శ్రద్ధ ఏమీ తక్కువ కాదు. కావాలంటే తిరిగి వెతుక్కోవచ్చు, లేకపోతే లేదు. తను ప్రార్థన చేసుకోవాలంటే మాత్రం పక్కన కూర్చోండి.

తను చనిపోయాక నాకు రిలీఫ్‌గా అనిపించింది. ఆ మాట పైకి చెప్పలేకపోతున్నాను.

ఏళ్ళ తరబడి సగం నిద్రతో, ఒక చెవి పక్క గదిలోనే పెట్టుకుని బతికిన శరీరానికి అలా అనిపించడం సహజం. రిలీఫ్, దుఃఖం రెండూ కలిసే ఉంటాయి. "పోనీలే, మీకూ విముక్తి దొరికింది" అని వచ్చినవాళ్ళు అంటే గుండె కోసినట్టుంటుంది, ఎందుకంటే వాళ్ళకి పోయింది ఒక బాధ్యత, మీకు పోయింది మనిషి. తన పేరు పెట్టి మాట్లాడమని వాళ్ళని అడగండి.

కొన్ని నెలలు రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, మందుల టైముకి చెయ్యి అలమరా వైపు వెళుతుంది. రోజంతా ఏం చెయ్యాలో తోచదు. వెంటనే ఉద్యోగం వెతుక్కోవాలనీ ఇల్లు మార్చాలనీ పెద్ద నిర్ణయాలు పెట్టుకోకండి. ఇన్నాళ్ళూ వాయిదా వేసిన మీ సొంత చెకప్‌లు చేయించుకోండి: బీపీ, షుగర్, పళ్ళు, నడుము. తనని ఎరిగినవాళ్ళతో, ఫిజియోథెరపీ చేయించిన అమ్మాయితోనో డే సెంటర్ టీచర్‌తోనో, మాట్లాడుతూ ఉండండి. తన అల్లరీ తన మొండితనమూ తెలిసినవాళ్ళు మీ తర్వాత వాళ్ళే.